ఉడత చీటీలు, కొంగ నంబర్లు

ఎర్రవాగు అడవిలో ఒక గ్రంథాలయం ఉండేది. ఎప్పుడో అడవిని కొలవడానికి వచ్చిన సర్వే దొర ఒకాయన అక్కడ బంగళా కట్టుకుని, ఏడు బీరువాల పుస్తకాలు పోగేసుకున్నాడు. చలిజ్వరం రెండోసారి తగిలేసరికి అన్నీ వదిలేసి బండెక్కాడు. ఆయన పోయాక గోడలు చెదలవి, కప్పు గబ్బిలాలవి, పుస్తకాలు జంతువులవి అయ్యాయి. వాటిని చూసుకోవడానికి అడవి పంచాయితీ శుక్లాంబ అనే కొంగను పెట్టింది. చేప కదిలేదాకా గంటలకొద్దీ ఒంటికాలి మీద నోరెత్తకుండా నిలబడగలిగినవాళ్ళే గ్రంథాలయానికి పనికొస్తారని పెద్దల లెక్క.

లెక్క తప్పలేదు. పన్నెండేళ్ళపాటు శుక్లాంబ మెడలో బంగళా తాళంచెవి వేలాడింది. పుస్తకాల మీద దుమ్మునూ వాలనివ్వలేదు, చూపునూ వాలనివ్వలేదు. ప్రతి పుస్తకానికీ మూడు ముక్కల నంబరు ఇచ్చింది: బీరువా ఎన్నోది, అర ఎన్నోది, ఆ అరలో పుస్తకం ఎన్నోది. ఏ విషయం మీద ఏ పుస్తకం ఉందో, దాని నంబరెంతో అట్టముక్కల మీద ముత్యాల్లా రాసి, అకారాది క్రమంలో పేర్చి, పొడుగాటి టేకు పెట్టెలో పెట్టింది. రాసిన కార్డును ఎట్టి పరిస్థితిలోనూ చింపరాదని గోడ మీద ఒక నియమం కూడా రాసింది. ఆ కార్డుల పెట్టె ఆమె ప్రాణం. ప్రతి సోమవారం దాన్ని ఎలా వాడాలో చెప్పేది. వినేవాళ్ళు ఆవులించి, వాగుకు పనుందని లేచిపోయేవారు. ఒకసారి పంచాయితీ పెద్ద, ఎలుగుబంటి భల్లయ్య స్వయంగా వచ్చి తేనెటీగల గురించి ఏమైనా ఉందా అని అడిగితే, ఆమె మాట్లాడకుండా ముక్కుతో పెట్టె చూపించింది. ఆయన పెట్టె వంక చూశాడు, ఆమె వంక చూశాడు, ఇంటికి పోయాడు.

ఆ ఎండాకాలం శుక్లాంబకు కీళ్ళు పట్టేశాయి. దుమ్ము దులపడానికి ఒక మనిషి కావాలని తనే పంచాయితీని అడిగింది. వాళ్ళు చారులత అనే ఉడతను పంపారు. కోరి తెచ్చుకున్న తద్దినమని ఆమెకు వారం తిరక్కుండానే అర్థమైంది.

ఉడతలకు పుట్టుకతో వచ్చిన జబ్బొకటుంది. గింజ దొరికితే దాస్తాయి, దాచింది మరిచిపోతాయి, మళ్ళీ వెతుక్కుంటాయి. వెతుక్కునేటప్పటి హుషారు తినేటప్పుడు ఉండదు. చారులత ఆ జబ్బును బంగళాలోకి తెచ్చింది. ఒక చిన్న కుండలో ఇప్పపూలు పోసి ఏదో పుస్తకం వెనక దాచింది. గుమ్మం దగ్గర పలక మీద పొడుపుకథ రాసింది. దాన్ని విప్పితే పళ్ళ పుస్తకంలో రేగుపండు పేజీకి పోవాలి. అక్కడొక చీటీ. రేగుపళ్ళు ఎక్కువ తిని కడుపుబ్బితే ఏం మింగాలో వైద్యం పుస్తకంలో చదువు, ఆ పేజీలోనే ఇంకో చీటీ ఉందని దాని మీద రాసి ఉంది. అలా పుస్తకం నుంచి పుస్తకానికి చదువుకుంటూ పోతే చివర కుండ.

మొదటి రోజు అడవిపంది వరహాలు ఒక్కడే వచ్చాడు, అదీ ఇప్పపూల వాసనకు. పూలు తిన్నాడు. దాంతో పాటు కడుపుబ్బరానికి వాము నమలాలని తెలుసుకుని వెళ్ళాడు. మూడోనాటికి అతని చుట్టాలు వచ్చారు. పదోనాటికి కుందేళ్ళు, జింకలు, వాటి పిల్లలు, చూపు ఆనని ముసలి తాబేలుతో సహా అడవి అడవంతా బంగళా మెట్ల మీద ఉంది.

శుక్లాంబ మూల నిలబడి చూసింది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. వాడిగా ఉంటే ఉండనీ, ఆ కొమ్ములు చెవులను అడుగైనా అడగాలి కదా అని ఆమె బాధ. వచ్చినవాళ్ళు ఆమె పక్కనుంచే నడుస్తూ "చారులతమ్మ ఉందా?" అని ఆమెనే అడిగేవారు. ఒకనాడు వరహాలు అడవిలోంచి తునికిపండు తెచ్చి ఉడత పీట మీద పెట్టి పోయాడు. శుక్లాంబ పీట మీద ఏమీ పెట్టలేదు. ఆమె పళ్ళు తినదు. అయినా ఆ రోజంతా ఆ తునికిపండే ఆమె కళ్ళలో మెదిలింది. వాగులో చేప పట్టబోతే చేప తునికిపండులా కనిపించి గురి తప్పింది.

ఆ మంటమీద ఆజ్యం భల్లయ్య పోశాడు. తొలకరి పడిన రోజున పంచాయితీ అంతా కలిసి వస్తామని, ఆటను కళ్ళారా చూశాక తాళంచెవి ఎవరి మెడలో ఉండాలో తేలుస్తామని కబురు పంపాడు. శుక్లాంబ తాళంచెవిని ఈకల కిందికి తోసుకుంది. అది లేని మెడ ఎలా ఉంటుందో ఆమె మరిచిపోయి చాలా కాలమైంది.

బంగళా వసారాలో రోజూ మధ్యాహ్నం నాగన్న అనే నక్క నిద్రపోయేది. చదువుకు కాదు, గచ్చు చల్లదనానికి. కబురు వచ్చిన మర్నాడు ఆ నక్క ఒళ్ళు విరుచుకుంటూ కొంగ దగ్గరికి వచ్చింది.

"చిక్కిపోయారు వదినగారూ. చేపలు పట్టడం మానేశారా?"

"నా చేపల సంగతి నీకెందుకు నాగన్నా."

"నాకెందుకంటే, మీ కొలువుతో నా నిద్ర ముడిపడి ఉంది. మీ పెత్తనంలో ఇక్కడ ఈగ కూడా గట్టిగా ఎగిరేది కాదు. ఇప్పుడు కునుకు పడితే చాలు, డొక్క మీదనుంచి కుందేళ్ళు దూకుతున్నాయి. తాళంచెవి ఆ పిల్ల చేతికి పోయిందంటే నేను గుహ వెతుక్కోవాలి."

శుక్లాంబ ముక్కుతో ఈకలు సర్దుకుంది.

"ఆ పిల్ల గొప్పంతా ఏముందని? ఏడు చీటీలు. చీటీ మారితే దారి మారుతుంది. దారి మారితే కుండ దొరకదు. కుండ దొరక్కపోతే, పంచాయితీ ముందు, ఆకలి మీదున్న పందులకు ఏం చెప్పుకుంటుందో చెప్పుకోనివ్వండి" అని నక్క తోక దులుపుకుంది.

"అది తప్పు" అంది శుక్లాంబ. కానీ ఎంత ఆలస్యంగా అందంటే, అప్పటికి నక్క మెట్లు దిగి, చెట్లు దాటి, కనుమరుగైంది.

తొలకరికి ముందురోజు చారులత ఏడు పుస్తకాల్లో ఏడు చీటీలు పెట్టింది. శుక్లాంబ ఒంటికాలి మీద, కళ్ళు అరమోడ్చి, జపంలో ఉన్నట్టే ఉండి ఏ పుస్తకంలో ఏ పేజీయో అన్నీ చూసింది. కొంగ జపం ఎందుకో చేపలకు తెలుసు. ఉడతకు తెలియదు. మధ్యాహ్నం చారులత దాహానికి వాగుకు వెళ్ళింది. శుక్లాంబ రెండో కాలు కింద పెట్టింది.

ఏడు చీటీలూ ముక్కుతో లాగేసింది. వాటిలో ఒకటి చదివింది కూడా. 'గాలి లేకుండా ఊగే ఆకు ఏది? ఆ ఆకు బొమ్మ కింద చూడు.' ఏనుగు చెవి అని ఆమెకు చప్పున తట్టింది. బాగుంది. బాగుండటం ఆమెకు మరీ మంట పుట్టించింది. ఉడత తోకతో రాస్తుంది కాబట్టి అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. శుక్లాంబ గడ్డిపోచ నమిలి కుంచె చేసుకుని, అంత అసహ్యంగానూ కష్టపడి రాసింది. మొదటి చీటీలో 'వానల పుస్తకం చూడండి' అని. వానల మీద ఆ బంగళాలో నలభై పుస్తకాలున్నాయి. రెండో చీటీలో 'పాముల పుస్తకం చూడండి' అని. అవి ముప్ఫై. ఇలా ఆరూ రాసి, ఏడోదానిలో 'పక్షుల పుస్తకం చూడండి' అని రాసింది. పక్షుల పుస్తకంలోనే మొదటి చీటీ ఉంది. ఎవరైనా అదృష్టవశాత్తూ ఏడూ పట్టుకున్నా తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే చేరతారు. ఒక్కో చీటీనీ తన అలవాటు ప్రకారం పైనుంచి కిందికి సరిచూసుకుని, మడిచి, దాని ముందు చీటీ చెప్పిన రకం పుస్తకాల్లో ఒకదానిలో పెట్టింది.

ఇక ఉడత చీటీలు మిగిలాయి. వాగులో పారేద్దామని ముక్కున కరుచుకుని మెట్ల దాకా వెళ్ళింది. కాళ్ళు సాగలేదు. పన్నెండేళ్ళలో చిరిగిన అట్టముక్కను కూడా పారేయని ప్రాణం ఆమెది. అక్షరం ఉన్న కాగితాన్ని నీళ్ళలో వేయడానికి మనసు ఒప్పలేదు. వెనక్కి వచ్చి వాటిని ఒక కవరులో పెట్టింది. కవరును ఏడో బీరువా నాలుగో అరలో, దొర కొలతల పుస్తకాల పక్కన, పంతొమ్మిదో చోట నిలబెట్టింది. అక్కడ పెట్టాక దానికి నంబరు ఇవ్వాలి. నంబరు ఇచ్చాక కార్డు రాయాలి. కార్డు మీద అబద్ధం రాయకూడదు. కాబట్టి ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఉడత చీటీలు. ఏడు. తీసేసినవి. 7-4-19' అని రాసి, టేకు పెట్టెలో 'ఉ' దగ్గర ఉంచింది. పన్నెండేళ్ళుగా తను తప్ప ఎవరూ తెరవని పెట్టె. అడవిలో అంతకంటే భద్రమైన చోటు ఇంకొకటి లేదు.

మర్నాడు పొద్దున తొలకరి జల్లు పడి వెలిసింది. పంచాయితీ వసారాలో కూర్చుంది. చారులత పలక మీద రాసింది: 'ఇల్లు కట్టే ఓపిక నాకు లేదు. గుడ్డు పొరుగింట్లో పెడతాను. పాట మాత్రం నాదే కావాలంటారు.' కోయిల, కోయిల అంటూ కుందేళ్ళు పక్షుల పుస్తకం మీద పడ్డాయి. చీటీ దొరికింది. చదవడం వరహాలు వంతు.

"వానల పుస్తకం చూడండి" అని చదివి అతను ముట్టె గోక్కున్నాడు. "ఈసారి చప్పగా ఉందే. ఆగండి, కింద ఇంకేదో ఉంది. నాలుగు, రెండు, పదకొండు."

మూల ఒంటికాలి మీదున్న శుక్లాంబకు రెండో కాలు దానంతట అదే కింద పడింది. పుస్తకం పేరు రాసి నంబరు రాయకుండా వదిలే అలవాటు ఆమె ముక్కుకు లేదు. అక్షరాలు మార్చింది, కుంచె మార్చింది, ముక్కును మార్చడం మరిచిపోయింది. ఏడు చీటీల మీదా ఏడు నంబర్లు వేసి, పైగా సరైనవో కావో సరిచూసి మరీ పెట్టింది.

చారులత చీటీ అందుకుంది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. తర్వాత తల ఎత్తి మూల వైపు ఒక్క చూపు చూసింది. శుక్లాంబ చూరులో గబ్బిలాలను లెక్కపెట్టసాగింది. ఉడత నిందించలేదు, ఏడవలేదు. ఈ అంకెల సంగతి ఎవరికైనా తెలుసా అని మాత్రం అడిగింది.

"బీరువా, అర, పుస్తకం" అంది ముసలి తాబేలు డిప్పలోంచి. "పన్నెండేళ్ళు సోమవారం సోమవారం ఇక్కడే నిద్రపోయాను. నిద్రలో విన్నది నాకు పోదు."

ఇక ఎవరాపగలరు? నాలుగో బీరువా, రెండో అర, పదకొండో పుస్తకం. చీటీ ఉంది. ఆరో బీరువా, మొదటి అర, మూడో పుస్తకం. చీటీ ఉంది. నలభై పుస్తకాల్లో కొట్టుకుపోవలసినవాళ్ళు గీత గీసినట్టు నడిచి, ఏడో చీటీ చేతపట్టుకుని, మళ్ళీ పక్షుల పుస్తకం ముందు నిలబడ్డారు. అక్కడితో దారి అయిపోయింది. పందులు ఒకదాని మొహం ఒకటి చూసుకుని గురగురలాడాయి. కుండేదమ్మా అన్నారు ఎవరో. భల్లయ్య కూర్చున్నచోటే ముందుకు వంగాడు. శుక్లాంబకు పొద్దుటినుంచి పోయిన ఊపిరి కొంత తిరిగి వచ్చింది.

చారులత బీరువా మీదికి ఎక్కింది. "కుండ ఇప్పచెట్టు పుస్తకం వెనక ఉంది. దాని నంబరు నేనెరగను. కానీ ఈ బంగళాలో ఉన్న ప్రతి పుస్తకం నంబరూ ఒకచోట రాసి పెట్టినవాళ్ళు ఒకరున్నారు. ఆ టేకు పెట్టె అదిగో" అంది.

పన్నెండేళ్ళకు పెట్టె మూత లేచింది. 'ఇ' దగ్గర ఇప్పచెట్టు కార్డు, దాని మీద నంబరు, నంబరు చెప్పిన చోట పుస్తకం, పుస్తకం వెనక కుండ. పూల వాసన బంగళా అంతా కమ్ముకుంది. కానీ ఈసారి సగం మంది కుండ దగ్గరికి పోలేదు. పెట్టె చుట్టూ మూగారు. జింక గడ్డి గురించి వెతికింది, కుందేలు నక్కల గురించి వెతికింది. భల్లయ్య కూడా లేచి వెళ్ళి, గోటితో కార్డులు మీటుకుంటూ పోయి 'తేనెటీగలు' దగ్గర ఆగాడు.

ఆయన చాలాసేపు చదివాడు. తర్వాత తల పంకించి, పన్నెండేళ్ళుగా తనలాంటివాడు కూడా భయపడి ముట్టని పెట్టెను ఒక్కపూట ఆటతో అడవికంతటికీ నేర్పడం మాటలు కాదని, ఈ నంబర్ల ఆలోచన ఎవరిదో గానీ వాళ్ళకు గ్రంథాలయం సంగతి తెలుసని అన్నాడు. అని ఉడత వంక చూశాడు.

"నాది కాదు పెద్దయ్యా" అంది చారులత. "ఈ చీటీలు నేను రాసినవి కావు. నేను రాసినవి ఏమయ్యాయో తెలియదు. ఇవి రాసినవాళ్ళు ముందుకొస్తే ఆ మెప్పు వాళ్ళకే చెందుతుంది."

వసారా మూలనుంచి నక్క వద్దు వద్దన్నట్టు తల ఊపింది. శుక్లాంబ చూడనే చూసింది. కానీ ఆ మెప్పు అలా నడిమధ్యలో, ఎవరిదీ కాకుండా, వడ్డించిన విస్తరిలా పడి ఉంది. పన్నెండేళ్ళుగా ఒక్క మెతుకు ఎరగని ఆకలి ఆమెది. ఇంకో క్షణం ఆగితే ఆ ఉడతే వద్దు వద్దంటూ దాన్ని కూడా పట్టుకుపోతుందని తోచింది. మెడ సాచింది.

"నేను రాశాను" అంది. "చెప్పకూడదనుకున్నాను, చెప్పించారు. ఈ అమ్మాయి ఒక్క చీటీ కూడా రాయలేదు. పంచాయితీ వచ్చే ముందురోజు వాగు ఒడ్డున షికార్లు. బంగళా పరువు పోతుందని నేనే కూర్చుని ఏడూ రాశాను. చిన్నపిల్ల, పోనీలెమ్మని ఊరుకున్నాను."

గుసగుసలు లేచాయి. నంబర్లు శుక్లాంబగారికి తప్ప ఇంకెవరికి వస్తాయి, నిజమే అన్నారు కొందరు. ఉడత తోక వాలిపోయింది. రాశాను అని ఎంత చెప్పినా రుజువేదని అడిగితే ఆ పిల్ల దగ్గర ఏముంది? భల్లయ్య గడ్డం నిమురుకుని, అయితే తాళంచెవి ఉన్న మెడలోనే ఉండటం న్యాయమని మొదలుపెట్టాడు.

అప్పుడు పెట్టె దగ్గరినుంచి వరహాలు గొంతు వినిపించింది. అతని పెళ్ళానికి వారంరోజులుగా దగ్గు. దగ్గుకు ఉసిరి పనిచేస్తుందేమో చూద్దామని అతను 'ఉ' కట్ట తీసి ఒక్కో కార్డూ కూడబలుక్కుంటున్నాడు. పెట్టె వాడటం కొత్తగా వచ్చినవాడు, ఒక్క కార్డూ వదలడు.

"అమ్మగారూ, ఉసిరికి ముందు ఇదేదో ఉందండీ. ఉడత చీటీలు. ఏడు. తీసేసినవి. ఏడు, నాలుగు, పంతొమ్మిది. ఇది ఏం పుస్తకమండీ?"

శుక్లాంబ మెడ సాచింది సాచినట్టే ఉండిపోయింది.

"మీరుండండి, నేనే తెచ్చుకుంటాను. ఇప్పుడు నాకూ వచ్చుగా" అని వరహాలు ఏడో బీరువాకు నడిచాడు. నాలుగో అర. ముట్టెతో పంతొమ్మిది దాకా లెక్కపెట్టి కవరు తెచ్చి భల్లయ్య ముందు పెట్టాడు. భల్లయ్య విప్పాడు. తోకతో అలికిన అక్షరాలు, ఏడు చీటీలు. ఒకటి పైకి చదివాడు. 'గాలి లేకుండా ఊగే ఆకు ఏది?' బంగళాలో ఆకు కదిలిన చప్పుడు కూడా లేదు.

"కార్డు మీద అక్షరాలు మీవేనా శుక్లాంబగారూ?" అని భల్లయ్య అడిగాడు.

అడవి మొత్తంలో అలాంటి ముత్యాలు ఇంకెవరూ రాయలేరని ఆమే అందరికీ చెప్పుకుని ఉంది. నక్క కోసం చూసింది. అది అప్పటికే మెట్ల మీద ఉంది. "నాకు అంకెలు రావు వదినగారూ" అని దిగిపోయింది.

భల్లయ్య తీర్పు ఎక్కువసేపు పట్టలేదు. తాళంచెవి ఉడత మెడలో పడింది. అది ఆ మెడకు బరువై కాళ్ళ దాకా వేలాడింది. టేకు పెట్టె మాత్రం కొంగ దగ్గరే ఉండాలన్నాడు. అంత ఓపికగా రాసేవాళ్ళు అడవిలో ఇంకొకరు లేరు, ఉన్నమాట ఒప్పుకోవాలి. శుక్లాంబ తల దించుకుని, పోనీ ఆ ఒక్క కార్డు తీసేస్తానని అడిగింది. భల్లయ్య గోడ వంక చూపించాడు. రాసిన కార్డును ఎట్టి పరిస్థితిలోనూ చింపరాదు. నియమం ఆమెదే, అక్షరాలూ ఆమెవే.

ఇప్పుడు ఎర్రవాగు బంగళాలో సోమవారం పాఠానికి చోటు దొరకదు. ఆవులించేవాళ్ళు లేరు. కొత్తగా వచ్చిన ప్రతి జంతువూ ముందు 'ఉ' కట్టే తీస్తుంది. తీసి, ఇదేమిటి అమ్మగారూ అని అడుగుతుంది. ఏ కార్డు గురించి అడిగినా చెప్పడం ఆమె కొలువు. శుక్లాంబ మెడ తడుముకుని, అక్కడ తాళంచెవి లేదని గుర్తొచ్చి, మొదటినుంచి చెబుతుంది. చెబుతూనే ఓరకంట ఉడత పీట వంక చూస్తుంది, ఈరోజు దాని మీద ఎన్ని తునికిపళ్ళున్నాయో అని.

ఎదుటివారిని దారి తప్పించాలని రాసిన చీటీ, ముందుగా మన గుమ్మాన్నే చూపిస్తుంది.